"అమ్మా, ఏం కాదు కదా?"

చేత్తో రాసిన ఉత్తరాలు ఈ మధ్య తక్కువగా వస్తున్నాయి. ఇది తొమ్మిది పేజీలు, నీలం సిరా, మధ్యమధ్యలో కొట్టివేతలు. రాసింది ఒక తల్లి. ఎవరైనా గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు పదకొండేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు. రెండేళ్ల కిందట పాపకు పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. స్కూలున్న రోజుల్లోనే ఎక్కువ. రక్తపరీక్షలు, స్కానింగులు, డాక్టర్లను మార్చడం అన్నీ అయ్యాయి. ఏ రిపోర్టు చూసినా నార్మల్. ఈలోపు నొప్పికి మరికొన్ని తోడయ్యాయి. రాత్రి ఒంటరిగా పడుకోదు. నాన్న పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఏడుపు. ఒక మార్కు పోతుందేమోనని రాత్రి పదకొండింటికి లేచి నోట్సు తిరగేస్తుంది. రోజంతా ఒకటే ప్రశ్న: "అమ్మా, ఏం కాదు కదా?" ఒకరోజు ఈమె లెక్కపెట్టారట. నిద్రపోయేలోపు ముప్పై ఎనిమిది సార్లు.

చివరికి పిల్లల డాక్టరే సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడాక ఆ డాక్టర్ యాంగ్జైటీ డిజార్డర్ అని తేల్చారు. అమ్మానాన్నలకు దూరమైపోతానన్న భయం ఒకటి, దేని గురించైనా వదలని దిగులు ఒకటి, రెండూ ఉన్నాయని ఫైల్లో రాశారు. ముందు థెరపీ, అంటే మందు లేకుండా మాటలతో, సాధనతో చేసే చికిత్స చేద్దాం, రెండు మూడు నెలల్లో తేడా లేకపోతే మందు సంగతి ఆలోచిద్దాం అన్నారు.

"కారులో కూర్చోగానే ఏడ్చేశాను. బాధతో కాదండీ, హమ్మయ్య అనిపించి. దీనికో పేరుంది, ఇదంతా నేను ఊహించుకున్నది కాదు అని. ఆ రాత్రే సిగ్గేసింది. కన్నకూతురికి జబ్బుందంటే హమ్మయ్య అనుకునే తల్లి ఉంటుందా?" అని రాశారు. ఆమె భర్త కారులో ఒక్క మాటా మాట్లాడలేదట. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ కాగితం ఎవరికీ చూపించకు. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? నీ గారాబమే దాన్ని ఇలా చేసింది" అన్నారట. ఫైలు ఇప్పుడు బీరువాలో బట్టల అడుగున ఉంది.

ఎనిమిది నెలలుగా ఆమె పాప గదిలోనే పడుకుంటున్నారు. ఉద్యోగాన్ని ఒంటిపూటకు తగ్గించుకున్నారు. స్కూలు గేటు బయట, క్లాసు కిటికీలోంచి పాపకు కనిపించే చోట, మొదటి పీరియడ్ అయ్యేదాకా నిలబడతారు. మొన్న కొడుకు అడిగాడట: "నాక్కూడా కడుపునొప్పి వస్తే నా దగ్గర పడుకుంటావా?"

ఆమె అడిగినవి నాలుగు. ఇది నా వల్లే వచ్చిందా, చిన్నప్పుడు నేనూ ఇలాగే ఉండేదాన్ని కదా? మందు ఇప్పించవచ్చా? స్కూల్లో, బంధువుల్లో ఎవరికి చెప్పాలి? ఆయన్ని ఎలా ఒప్పించాలి? ఇవి కాక ఆరో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టివేత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి దానికీ జవాబిస్తాను.

*

ముందు ఆ 'హమ్మయ్య' సంగతి. మీ నాలుగు ప్రశ్నల్లో అది లేదు గానీ, ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది.

రెండేళ్లు మీరు రిపోర్టులు పట్టుకుని తిరిగారు. ప్రతిచోటా "ఏమీ లేదమ్మా" అన్నారు. ఏమీ లేదన్న మాట బయటివాళ్లకు శుభవార్త. ఇంట్లో రోజూ కళ్లముందు ఏదో జరుగుతున్నవాళ్లకు మాత్రం దానికి రెండే అర్థాలు మిగులుతాయి: పాప నాటకమాడుతోంది, లేదా అమ్మ అతి చేస్తోంది. ఆ రెండూ కావని ఒక డాక్టర్ కాగితం మీద రాసిచ్చినరోజు ఊపిరి తేలికపడదా? మీరు సంతోషించింది పాప జబ్బుకు కాదు. మిమ్మల్ని మీరే అనుమానించుకుంటూ గడిపిన రెండేళ్లు ముగిసినందుకు.

ఆ నొప్పి కూడా నిజమైనదే. ప్రమాదం ముంచుకొస్తోందని మెదడు అనుకున్నప్పుడు ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం పని పక్కకు పోతుంది. పేగుల గోడల్లో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి, అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకే భయం చాలామంది పిల్లల్లో ముందు కడుపులో కనిపిస్తుంది. స్కానింగుకు దొరకనంత మాత్రాన అది లేనట్టు కాదు. ఈ ఒక్క ముక్క మీవారికి కూడా చెప్పండి, పాప ముందు కాదు.

హమ్మయ్య తర్వాత దిగులు వచ్చిందన్నారు. అది మళ్లీ మళ్లీ వస్తుంది, ముందే చెబుతున్నాను. 1962లో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన, మానసిక ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రుల గురించి రాస్తూ 'తీరని దుఃఖం' అనే మాట వాడారు. మీ పాపది ఆ పరిస్థితి కానే కాదు. కానీ ఆయన పట్టుకున్న ఒక సంగతి మీకూ వర్తిస్తుంది. ఈ దుఃఖం ఒకసారి అనుభవించి దాటేసేది కాదు, పిల్లల జీవితంలో మలుపు వచ్చినప్పుడల్లా తిరిగి వస్తుంది, అలా రావడం తల్లిదండ్రుల మనసు బాగాలేదనడానికి గుర్తు కాదు, సహజమే అన్నారాయన. మీ పాప ఈడు పిల్లలు మొదటిసారి స్నేహితుల ఇంట్లో రాత్రి ఉండి వచ్చారని విన్నరోజు మీకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆరోజు "నేనింకా ఒప్పుకోలేకపోతున్నానా" అని మిమ్మల్ని మీరు తవ్వుకోకండి. కాసేపు ఏడ్వండి, పాప చూడని చోట.

ఇక కొట్టేసిన వాక్యం. "ఒక్కోసారి దాన్ని చూస్తే ఒళ్లు మండిపోతుంది, పారిపోవాలనిపిస్తుంది" అని ఉంది. ముప్పై ఎనిమిది సార్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషికి ముప్పై తొమ్మిదోసారి ఒళ్లు మండకపోతే ఆశ్చర్యపోవాలి. కోపం వచ్చిందంటే ప్రేమ తగ్గిందని కాదు. మీ ఓపికకు మించిన పని మీ మీద పడుతోందని. ఆ పని మీరే ఎందుకు చేస్తున్నారు, అదసలు పాపకు మేలు చేస్తోందా అన్నది అసలు ప్రశ్న. దానికి కాసేపట్లో వస్తాను.

మీ వల్లే వచ్చిందా? కొంత మీ నుంచి వచ్చి ఉండొచ్చు. మీ వల్ల రావడం వేరు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, యాంగ్జైటీ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 30 నుంచి 50 శాతం దాకా జన్యువుల పాత్ర ఉంటుందని లెక్క. తల్లి కళ్లు పాపకు వచ్చినట్టే, త్వరగా ఉలిక్కిపడే స్వభావమూ రావచ్చు. కళ్లు ఇచ్చినందుకు మనం క్షమాపణ అడగం కదా. గారాబం సంగతికొస్తే, అతిగా కాచుకునే తల్లిదండ్రులకూ భయపడే పిల్లలకూ సంబంధం ఉందని అధ్యయనాలు చెబుతాయి గానీ, ఆ దారి రెండువైపులా నడుస్తుంది. భయపడే పిల్ల ఉన్న ఇంట్లో ఎవరైనా కాచుకునే తల్లిగానే మారతారు. మీ అబ్బాయి విషయంలో మీరు ఇలా లేరు, గమనించారా?

తల్లిని దోషిగా నిలబెట్టడం వైద్యానికి కూడా కొత్త కాదు. గత శతాబ్దం మధ్యలో ఆటిజానికి కారణం ప్రేమ చూపించని తల్లులేనని పేరున్న నిపుణులే అన్నారు, 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరు కూడా పెట్టారు. అది తప్పని తేలేలోపు ఎన్ని ఇళ్లలో ఎంతమంది తల్లులు కుంగిపోయారో. మీ మీద పడిన మాట కూడా ఆ పాత మాటకు చుట్టమే.

అయితే ఇక్కడ నేను మీ పక్షాన పూర్తిగా నిలబడి ఊరుకుంటే మీకు మేలు చేసినట్టు కాదు. జబ్బు రావడానికి మీరు కారణం కాదు. కానీ ఇప్పుడు ఇంట్లో మీరు చేస్తున్న కొన్ని పనులు దాన్ని తగ్గనివ్వడం లేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. మొదటిది విని రెండోది వదిలేయకండి, రెండోది విని మొదటిది మర్చిపోకండి.

భయం పనిచేసే తీరు ఇదీ. పాపకు గదిలో ఒంటరిగా ఉండాలంటే భయం. మీరు వచ్చి పక్కన పడుకుంటారు. భయం వెంటనే తగ్గుతుంది. మీకు అది ప్రేమ. పాప మెదడు మాత్రం ఇంకో పాఠం నేర్చుకుంటుంది: "అమ్మ వచ్చింది కాబట్టి బతికాను. అంటే ఇక్కడ నిజంగానే ఏదో ఉంది." రేపు ఆ భయం మరికాస్త బలంగా వస్తుంది. ముప్పై ఎనిమిది సార్లు "ఏం కాదు తల్లీ" అన్నప్పుడూ ఇదే. ఆ జవాబు కొద్ది నిమిషాలు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ కావాలి. జవాబిస్తున్నంతసేపూ అది చర్చించదగ్గ ప్రశ్నే అని మీరు పరోక్షంగా ఒప్పుకుంటున్నారు. స్కూలు గేటు దగ్గర మీరు నిలబడటం కూడా పాపకు ఒక మాట చెబుతోంది, నోటితో చెప్పకపోయినా: నువ్వు ఒక్కదానివే లోపల ఉండలేవు.

పిల్లల భయానికి తగ్గట్టు కుటుంబం తన అలవాట్లను మార్చుకోవడం యాంగ్జైటీ ఉన్న పిల్లల ఇళ్లలో దాదాపు అన్నిచోట్లా కనిపించేదే. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే మనస్తత్వవేత్త దీని మీదే పనిచేస్తున్నారు. ఆయన బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా నచ్చినది. 7 నుంచి 14 ఏళ్ల వయసున్న 124 మంది పిల్లలను రెండు జట్లు చేశారు. ఒక జట్టులో పిల్లలకే థెరపీ చేశారు. రెండో జట్టులో థెరపిస్టు పిల్లల జోలికే వెళ్లలేదు, తల్లిదండ్రులకు మాత్రమే పన్నెండు సెషన్లలో నేర్పించారు. భయానికి సర్దుకుపోవడం ఎలా తగ్గించాలి, తగ్గిస్తూ పిల్లలకు ఎలా అండగా ఉండాలి, అంతే. చివర్లో చూస్తే రెండు జట్ల పిల్లలూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డారు. దీన్ని "అయితే తప్పంతా మాదేనన్నమాట" అని చదవకండి. పాప ఇంకా సిద్ధంగా లేకపోయినా మీ చేతిలో చేయగలిగింది చాలా ఉందని చదవండి.

ఆ పద్ధతిలో తల్లిదండ్రులకు నేర్పే మాటలో రెండు సగాలుంటాయి. మొదటి సగం: నీకు ఇది కష్టంగా ఉందని నాకు తెలుసు. రెండో సగం: అయినా నువ్వు తట్టుకోగలవని నాకు నమ్మకం ఉంది. మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు తట్టింది ఇదే. మీ ఇంట్లో ఈ వాక్యం మొత్తం ఉంది. మొదటి సగం మీ దగ్గర, రెండో సగం మీవారి దగ్గర. మీరు రోజంతా "కష్టమే తల్లీ, నేనున్నాను" అంటున్నారు. ఆయన "ఏం ఫరవాలేదు, నువ్వే పడుకో, పెద్దదానివయ్యావు" అంటున్నారు. మొదటి సగం ఒక్కటే వింటే పాపకు తాను బలహీనురాలిననిపిస్తుంది. రెండో సగం ఒక్కటే వింటే తననెవరూ నమ్మడం లేదనిపిస్తుంది. ఆయన మాట కటువుగా ఉందని మీరు మరింత మెత్తబడుతున్నారు. మీరు మెత్తబడుతున్నారని ఆయన మరింత బిగుసుకుంటున్నారు. మధ్యలో పాప ఒక నోటి నుంచి పూర్తి వాక్యం ఇంతవరకూ వినలేదు.

అందుకే, ఆయన్ని ఒప్పించడం ఎలా అన్న ప్రశ్నను కొంచెం తిప్పి చూడమంటాను. ఆయన అన్న "గారాబం" మాట అన్యాయమైనదే, బాధపెట్టేదే. కానీ పాప చేయగలదన్న ఆయన నమ్మకం మీకిప్పుడు అవసరమైన సరుకు. ఇంకోటి కూడా ఉంది. కారులో ఒక్క మాటా మాట్లాడని మనిషి ఏమీ పట్టనివాడని నేననుకోను. భయపడిన మగవాళ్లు చాలామంది చేసేది అదే, మౌనం, తర్వాత కోపం. ఫైలు దాచమన్నది కూడా భయమే. రేపు ఎవరేమంటారో, పాప పేరుకు ఆ మాట ఎన్నాళ్లు అంటుకుని ఉంటుందో అని.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఆయన్ని డాక్టర్ దగ్గరకు మళ్లీ తీసుకెళ్లి, పాప లేకుండా, ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వడం. "మా కాలంలో ఉన్నాయా" అన్న ప్రశ్నతో సహా. ఉన్నాయనే డాక్టర్ చెబుతారు. దాదాపు మూడేళ్ల వయసున్న పీటర్ అనే పిల్లవాడికి కుందేలంటే భయం. వాడికి ఇష్టమైనది తినిపిస్తూ కుందేలును రోజురోజుకూ కాస్త దగ్గరకు తెచ్చి, ఆ భయం పోగొట్టిన తీరును మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ 1924లోనే రాశారు. అమ్మానాన్నలకు దూరమైపోతానన్న భయానికి అమెరికా మనోవైద్యులు వాడే మానసిక జబ్బుల జాబితాలో 1980 నుంచీ పేరుంది. మీవారికి నలభై రెండేళ్లన్నారు. అంటే ఆయన పుట్టేనాటికే ఉందన్నమాట. ఈ దారిలో ఇబ్బందేమిటంటే, డాక్టర్ మీ పక్షం తీసుకున్నట్టు ఆయనకనిపిస్తే ఇంకాస్త ముడుచుకుపోతారు. కాబట్టి మీ ఫిర్యాదులు ఆరోజు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

రెండోది, జబ్బు పేరు గురించి వాదించడం మానేసి ఆయనకు ఒక పని అప్పగించడం. "పేరు మీకు నచ్చకపోతే వదిలేయండి. పాప ఒంటరిగా పడుకోవడం మనిద్దరికీ కావాలి కదా, అది ఎలా చేద్దాం?" అనండి. నేనైతే ఇక్కడి నుంచే మొదలుపెడతాను. పేరు మీద ఏకాభిప్రాయం రాకుండానే పని మీద రావచ్చు. ప్రమాదం ఒకటే, ఆయన ఓపిక త్వరగా అయిపోయి పాప మీద అరిచారంటే, నాలుగు వారాల పని ఒక్క రాత్రిలో వెనక్కి పోతుంది. ముందే ఒప్పందం చేసుకోండి: గొంతు లేవబోతోందని ఎవరికి అనిపిస్తే వాళ్లు గదిలోంచి బయటికి వెళ్లాలి.

మూడోది, ఆయన రాకపోయినా మీరొక్కరే మొదలుపెట్టడం. ఈ పద్ధతి ఒక్కరితో కూడా చేయవచ్చు, ఎందుకంటే మీరు మార్చుకునేది మీ పనులనే. కానీ ఆయన వెనక నుంచి "చూశావా, ఏడిపిస్తోంది" అన్నా, జాలిపడి పక్కన పడుకున్నా పని చెడుతుంది. కనీసం అడ్డుపడనని మాట తీసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి? అన్నీ ఒకేసారి మానేయొద్దు. రాత్రి పడక, గేటు, ఆ ప్రశ్న, ఈ మూడింట్లో ఒక్కటే ఎంచుకోండి, అదీ పాప థెరపిస్టుతో మాట్లాడాకే. పడకతోనే అనుకుందాం. పగటిపూట, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి చెప్పండి. మాటలు తడబడతాయనుకుంటే కాగితం మీద రాసి చదవండి: "రాత్రి నీకు ఎంత భయమేస్తుందో మాకు తెలుసు. నువ్వు దాన్ని తట్టుకోగలవని కూడా తెలుసు. ఇన్నాళ్లూ అమ్మ నీ దగ్గర పడుకోవడం వల్ల నీ భయానికే బలం వచ్చింది, నీకు కాదు. సోమవారం నుంచి అమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చుంటుంది." తర్వాత వారం కుర్చీ గుమ్మం దగ్గరకు. ఆపైన వరండాలోకి. ఇక్కడ మారేది మీ పని, పాపది కాదు. "నువ్వు ఏడవకూడదు" అనే షరతు పెట్టకండి, అది మీ చేతిలో లేదు.

మొదటి రాత్రులు ఇప్పటికంటే ఘోరంగా ఉంటాయి. ఇది దాచి చెప్పడం నాకు చేతకాదు. ఇన్నాళ్లూ దొరికినది ఆగిపోతే ఏ పిల్లైనా ముందు మరింత గట్టిగా అడుగుతుంది. "నువ్వు మంచి అమ్మవి కాదు" అని కూడా అనొచ్చు. మధ్యరాత్రి మీరు లొంగిపోయారంటే, ఎంతసేపు ఏడిస్తే అమ్మ వస్తుందో పాపకు కొలత దొరుకుతుంది. అందుకే చిన్న మెట్టు ఎంచుకోమంటున్నాను, మీరు నిలబడగలిగినంత చిన్నది. ఏడాది చివరి పరీక్షలు దగ్గరలో ఉంటే ఇప్పుడు వద్దు. ఆయన ఊళ్లో లేని వారమూ వద్దు. ఒకవేళ లొంగిపోయినా కొంప మునగదు, మర్నాడు మళ్లీ కుర్చీ దగ్గర మొదలుపెట్టడమే.

ఆ ప్రశ్నకు మాత్రం ఒక మధ్యేమార్గం ఉంది. "అమ్మా, ఏం కాదు కదా?" అన్నప్పుడు ఒక్కసారి మామూలుగా జవాబివ్వండి. రెండోసారి నుంచి, "ఇది నీ భయం అడుగుతోంది. జవాబు నీకు తెలుసు" అని నవ్వుతూ అనండి, అంతకంటే ఎక్కువ వద్దు. పాపకు కోపం వస్తుంది. కొందరు పిల్లలు ప్రశ్న మార్చి అడుగుతారు, తెలివైనవాళ్లు కదా. "ఏం అవుతుందో నాకూ తెలియదు, ఏమైనా మనం చూసుకోగలం" అన్న మాట "ఏం కాదు" కంటే నిజం. నిజం కాబట్టే ఎక్కువకాలం నిలుస్తుంది.

మందు సంగతి. నేను మందు రాసే డాక్టర్‌ని కాను, కానీ నిర్ణయం తీసుకోవడానికి మీకు ఉపయోగపడే ఒక పెద్ద అధ్యయనం ఉంది. 2008లో వచ్చింది. 7 నుంచి 17 ఏళ్ల 488 మంది పిల్లలు, మీ పాపకున్నలాంటి యాంగ్జైటీలే. పన్నెండు వారాల తర్వాత థెరపీ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సుమారు 60 శాతం మంది, సెర్ట్రలీన్ అనే మందు ఒక్కటే వాడినవాళ్లలో 55 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో 81 శాతం. మందులేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 24. అంటే ముందు థెరపీ అన్న మీ డాక్టర్ మాట సరైనదే, అవసరమైతే మందు కలపడం కూడా అంతే సరైనది. ఆ పిల్లల్నే తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే దాదాపు సగం మందికి తగ్గినది మళ్లీ తిరగబెట్టింది. "ఎప్పటికి పూర్తిగా పోతుంది" అన్న ప్రశ్నకు ఇంతకంటే నిజాయితీగల జవాబు నా దగ్గర లేదు. తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో ఈసారి మీ అందరికీ తెలిసి ఉంటుంది, తేడా అది.

ఈ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పిల్లల్లో, టీనేజర్లలో కొద్దిమందికి ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ప్రత్యేక హెచ్చరిక పెట్టించింది. దానర్థం వాడకూడదని కాదు. మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, చిరాకు, నిద్ర, మాట తీరు దగ్గరగా గమనించాలని. బాగుందనిపించినా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదని కూడా. మందు ఉన్నా లేకపోయినా, పాప చచ్చిపోవాలని ఉందనో, తనను తాను గాయపరచుకుంటాననో అంటే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆరోజే తీసుకెళ్లండి.

ఎవరికి చెప్పాలి? మొదట పాపను అడగండి, అది తన సంగతి కాబట్టి. క్లాసు టీచరుకు మాత్రం చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. చెప్పకపోతే ఆవిడ దీన్ని బద్ధకమనో మొండితనమనో అనుకుంటారు. అయితే చెబితే ఇంకో చిక్కు ఉంది. మంచి టీచరు జాలిపడి, పాపను ప్రశ్నలడగడం మానేసి, భయమేసినప్పుడల్లా ఇంటికి పంపేస్తారు. మీరు ఇంట్లో మానేసినది స్కూల్లో మొదలవుతుంది. కాబట్టి జబ్బు పేరుతో పాటు ఏం చేయాలో కూడా చెప్పండి: ఐదు నిమిషాలు బయట నిలబడి మళ్లీ లోపలికి రావడం సరే, ఇంటికి పంపడం వద్దు. బంధువులకు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. కానీ నమ్మదగ్గవాళ్లు ఒకరిద్దరుంటే చెప్పండి, పాప కోసం కాకపోయినా మీ కోసం. కష్టమైన రాత్రి తర్వాత పొద్దున్నే మీరు ఫోన్ చేయడానికి ఒక మనిషి కావాలి.

మీరు కూడా ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి. "నేనూ చిన్నప్పుడు ఇలాగే ఉండేదాన్ని" అని భూతకాలంలో రాశారు. ఉత్తరం చదివితే అది అయిపోయిన సంగతిలా అనిపించలేదు. మీ భయానికి మీరు చికిత్స తీసుకోవడం పాప చూస్తే, వంద మాటలు చెప్పినట్టే.

మీ అబ్బాయి అడిగిన ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాడు లెక్క సరిగ్గానే వేశాడు. ఈ ఇంట్లో అమ్మ కావాలంటే కడుపునొప్పి రావాలి. వాడికి అక్క జబ్బు గురించి రెండు ముక్కల్లో చెప్పండి, వాడి వయసుకు తగ్గట్టు. ఆపైన వారంలో రెండు సాయంత్రాలు, నొప్పి ఏమీ లేకుండానే, వాడికివ్వండి. కుర్చీ గుమ్మం దాటాక మీకు ఆ సమయం దొరుకుతుంది. అంతవరకు ఆ సాయంత్రాలు పాప దగ్గర వాళ్ల నాన్న కూర్చోవచ్చు. ఆయనకు ఇవ్వదగ్గ మొదటి పని ఇదేనేమో.

బీరువాలోని ఫైలు గోడకు తగిలించక్కర్లేదు. బట్టల అడుగు నుంచి తీసి, పిల్లల టీకాల కార్డులున్న చోట పెట్టండి. మొదటి వారం ఎలా గడిచిందో నాకు రాయండి. ఈసారి ఏ వాక్యమూ కొట్టేయకుండా.